పుట్టింటికి వెళ్ళిన చేప

"నా బుంగమూతి కనబడటం లేదు!" తడి జుట్టుతోనే వంటింట్లోకొచ్చి ఏడుపు లంకించుకుంది చిన్నకోడలు.

గిన్నెలు తోముతున్న పెద్దకోడలు తల కూడా తిప్పలేదు. తోడికోడళ్ళిద్దరిదీ ఒకే ఉద్యోగం. సముద్రంలోకి దిగి, ఏ చేప దేనికి పుట్టింది, పెరిగాక ఎక్కడికి చేరుతుంది అన్నది తేల్చాలి. ఉత్తరపు పగడాల దిబ్బ పెద్దామెది, దక్షిణపుది చిన్నామెది. పిలిస్తే చేతి దగ్గరికొచ్చే బుంగమూతి చేప పుణ్యమా అని ఆఫీసులో డైరెక్టరు, ఇంట్లో అత్తగారు ఎప్పుడూ చిన్నామె పాటే పాడేవారు. కొత్త విభాగం బాధ్యత కూడా ఆమెకే ఇస్తారని వినికిడి. అది విన్నప్పటి నుంచి పెద్దకోడలు కళ్ళల్లో నిప్పులు పోసుకుంటోంది.

"సముద్రంలో చేప సముద్రంలోనే ఉంటుందిలే," అంది తీరిగ్గా. కడుపు మాత్రం చల్లబడింది.

మర్నాడు చిన్నకోడలు గంతులేసుకుంటూ వచ్చింది.

"దొరికింది అత్తయ్యా! అక్క దిబ్బలో ఉంది!"

పెద్దకోడలు తోముతున్న గిన్నెని గట్టిగా పట్టుకుంది.

"అంత దూరం ఎలా పోయిందే?" అంది అత్తగారు.

"దాని రెక్క కొస పరీక్షకి పంపానుగా! దాని అమ్మానాన్నా అక్క దిబ్బలోవేనట. గుడ్డులోంచి రాగానే నా దగ్గరికి కొట్టుకొచ్చింది. ఇన్నాళ్ళకి పుట్టిల్లు వెతుక్కుంటూ తనంతట తనే వెళ్ళిపోయింది! డైరెక్టరుగారు పొంగిపోయి కొత్త విభాగం నాకే అన్నారు!"

"నా బంగారుకొండ! నీ చేపకి కూడా నీ తెలివే వచ్చింది," అంటూ అత్తగారు ఆమె గడ్డం పుణికి, పెద్దకోడలి వైపు తిరిగింది. "నీవీ ఉన్నాయి చేపలు, ఎందుకూ?"

అంతే. పెద్దకోడలు చేతిలో గిన్నె ఠంగుమని విసిరేసింది.

"పుట్టిల్లూ లేదు, పుట్టగొడుగూ లేదు! తనంతట తను వెళ్ళిందట! బకెట్లో వేసి, పడవలో మోసుకెళ్ళి వదిలింది నేను! నడుం విరిగింది నాకు, పేరొచ్చేది దీనికా?"

పెద్దకోడలు నాలిక కరుచుకుంది.

చిన్నకోడలు గంతులాపి, పడవ తాళంచెవి అందుకుంది.

"పరీక్షా లేదు, చేపా దొరకలేదక్కా. పద, ఎక్కడ వదిలావో చూపించు."