ఏడో చింతపిక్క

"మళ్లీ ఆరే వేసిందండి," అంటూ పిల్లలంతా గొల్లున నవ్వారు.

చాప మీద గుండ్రంగా ఆరుగురు పిల్లలు, వాళ్లతోపాటు మెర్సీ టీచరు. ఎంతమంది కూర్చున్నారో చూసి అన్ని చింతపిక్కలు పళ్లెంలో వెయ్యాలి, అదీ ఆట. పద్మశ్రీ ఎప్పుడు వేసినా ఒకటి తక్కువే.

పిల్ల మొద్దు కాదు. కొబ్బరి ఈనెలు ఇస్తే గుక్కతిప్పుకోకుండా ఇరవై దాకా లెక్కపెడుతుంది. గవ్వలైనా అంతే. మనుషుల దగ్గరికొచ్చేసరికే తప్పుతోంది. తనని తాను మరిచిపోతోందని మెర్సీకి తోచింది. ఏరు దాటిన అమాయకులూ ఇలాగే లెక్కపెట్టుకున్నారు గదా అని నవ్వుకుంది కూడా.

కరస్పాండెంటు పాపారావు గారికి మాత్రం నవ్వు రాలేదు. రెండువేల సంవత్సరం వచ్చేసింది, కొత్తపేట కాన్వెంట్లన్నీ వంద దాకా వల్లె వేయిస్తున్నాయి, ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెదో దారని ఆయన గొణుగుడు. శుక్రవారం వచ్చి చూస్తాననీ, ఆ పిల్లకి లెక్క రాకపోతే ఆటలు కట్టిపెట్టి బెత్తం పట్టుకోవాల్సిందేననీ తేల్చేశారు. మెర్సీకి బెత్తమంటే గిట్టదు. తను లెక్కలు నేర్చుకున్నది దాని కిందే.

ఆ సాయంత్రం పద్మశ్రీ కోసం వాళ్ల నానమ్మ అన్నపూర్ణ గారు వచ్చి, ఎప్పట్లాగే గుమ్మం బయట నిలబడ్డారు. మెర్సీ కుర్చీ వెయ్యబోతే కూర్చుంటే లేవలేనన్నారు, మంచినీళ్లు తేబోతే దాహం లేదన్నారు.

"మా పిల్లకి మీరంటే ప్రాణవండి టీచరుగారూ," అన్నారు వెళ్తూ.

తనిచ్చిన క్రిస్మస్ కేకు తిన్నావా అని ఆ పొద్దున మెర్సీ అడిగితే, దూడ తినేసిందండి అంది పద్మశ్రీ. పాపం, ఎక్కడో పెట్టి మరిచిపోయి ఉంటుంది.

మెర్సీ వాళ్లమ్మ మార్తమ్మ ఒకప్పుడు నాట్లు వేసింది ఆ అన్నపూర్ణ గారి చేలోనే. తల్లిని 'ఏమే' అన్న నోరే ఇప్పుడు కూతుర్ని 'అండీ' అంటోంది. చదువెంత పని చేసిందో చూడమని మెర్సీ ఆ రోజు ఇంటికెళ్లి మురిసిపోయింది. మార్తమ్మ తలెత్తకుండా బియ్యంలో రాళ్లు ఏరుకుంది.

శుక్రవారం పొద్దున మెర్సీకి ఉపాయం తట్టింది. ముందు ఎవరి గుండె మీద వాళ్లు చెయ్యి వేసుకుని 'ఒకటి' అనాలి, ఆ తర్వాతే చాప మీదున్న మిగతావాళ్లు. పాపారావు గారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

పద్మశ్రీ గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఒకటి" అని పిక్క వేసింది. మెర్సీకి ప్రాణం లేచొచ్చింది. పిల్ల చుట్టూ కలయజూస్తూ ఒక్కొక్కటే వేసి, ఆరో పిక్క దగ్గర ఆగిపోయింది.

"చూసేరాండీ?" అన్నారు పాపారావు గారు. "సోమవారం బెత్తం తెప్పిస్తాను."

మెర్సీకి ఏడుపు ముంచుకొచ్చింది. పద్మశ్రీని ఒళ్లోకి లాక్కుంది.

"నిన్ను కలుపుకున్నావు గదమ్మా. మరెవర్ని వదిలేసేవు?"

పద్మశ్రీ ఆమె మెడ చుట్టూ చేతులు వేసి బుగ్గ మీద ముద్దు పెట్టింది. తర్వాత చెవిలో రహస్యంగా చెప్పింది.

"మిమ్మల్ని మాలో కలపకూడదని నానమ్మ చెప్పిందండి."