వరుసలో మొదటి పేరు

తొంభై ఒకటి.

పవన్ కళ్ళు తెరమీదే నిలిచిపోయాయి. టీ తాగివచ్చేలోగా అంకె మారింది, అంకెతోపాటు వరుస మారింది. నిన్నటిదాకా జాబితా నెత్తిన కూర్చున్న ఈదులపాలెం రెండో మెట్టుకు జారింది. కంచరవారిపాలెం దాని భుజాలమీదికెక్కి కూర్చుంది.

నరసరావుపేటలో, శివరాత్రి తిరునాళ్ళ ఏర్పాట్ల కోసం నెలరోజులకని తెరిచిన ఆఫీసు అది. ముందుగదిలో పవన్, వెనుకగదిలో నవీన్. ఇద్దరి కంప్యూటర్లకూ నడుమ ఒక నీలం కేబులు. కేబులుకు ఈ కొసనా ఆ కొసనా ఒకటే డేటాబేసు. బండ్లమీద గెడలతో, రంగుకాగితాలతో గోపురాల్లా కట్టే ప్రభలు కోటప్పకొండకు ఏయే ఊళ్ళనుంచి వస్తున్నాయి, ఏది ఎన్నడుగుల ఎత్తు, ఏ దారిన నడుస్తుంది, అన్నీ అందులోనే. ఒకరు కొట్టిన అంకె మరుక్షణం రెండోవారి తెరమీద వెలుగుతుంది. ఎత్తయిన ప్రభ పేరు దానంతటదే పైకి పోతుంది. ఆ వరుసే రేపు కొండకింద ప్రభలు నిలబడే వరుస.

పవన్‌ది ఈదులపాలెం. నవీన్‌ది వాగు అవతలి కంచరవారిపాలెం. అరవై ఏళ్ళుగా మొదటి చోటు ఈదులపాలేనిదే. ఆ రెండూళ్ళ మధ్య ఒక పట్టింపు కూడా ఉంది: ప్రభను తడికెల చాటున కడతారు; బయటికి లాగేదాకా ఇవతలివాడు అవతలికి తొంగిచూడడు. చూస్తే పరువు తక్కువ. అందుకే ఈ ఏడు ఇద్దరికీ ఆ తెర ఒక్కటే కిటికీ.

పవన్ పాత అంకె చెరిపి తొంభైమూడు కొట్టాడు. ఈదులపాలెం ఎగిరి పైకొచ్చింది. గుండెలో మంట కొంచెం చల్లారింది.

వెనుకగదిలో కుర్చీ కిర్రుమంది. నవీన్ ఫోను చెవికి ఆనించుకుని వరండాలోకి నడిచాడు.

"బాబాయ్, వాళ్ళది తొంభైమూడంట. ఆఁ, ఇప్పుడే. పైన ఇంకో నాలుగు గెడలు కడితే కుదిరిద్దా? జానీ మేస్త్రిని అడుగు ముందు."

కేబులు లాగి, కంప్యూటర్లు కలిపి, ఆ డేటాబేసు తయారుచేసిన నజీమా తలుపు దగ్గర ఆగింది.

"ఏందయ్యా పవన్, పొద్దుటినించీ ఆ రెండు గళ్ళే మారతన్నయ్. తాళం వెయ్యమంటావా?"

"వద్దులే అక్కా. ఐదింటికి ఎట్టాగూ మూసేస్తావుగా."

"ఐదు కొడితే ప్రింటే. ఆ తర్వాత ఎవరొచ్చి బతిమాలినా అంగుళం మారదు." పోబోయి వెనక్కి తిరిగింది. "అవునూ, ఎలక్షన్లప్పుడు మీ ఊళ్ళో గొడవలన్నారు, సద్దుమణిగినయ్యా?"

"ఎప్పుడో," అన్నాడు పవన్, తెరమీదనుంచి చూపు తిప్పకుండా.

మధ్యాహ్నం ఇద్దరూ ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చున్నారు. నవీన్ చొక్కా చేతికి ఎర్రకాగితం ముక్క ఒకటి అంటుకుని ఉంది. గోళ్ళ సందుల్లో మైదాబంక ఎండి తెల్లగా ఉంది. ఆ తెలుపు చూస్తుంటే పవన్‌కు లోపల ఎక్కడో కాలింది.

"ఏంది మావా, మీవోళ్ళు ఆకాశానికి నిచ్చెన కడతన్నారా?" అన్నాడు నవీన్.

"కళ్ళు మండుతున్నయ్యా?"

"మండక? పుట్టినకాడినించీ మీ ప్రభ వీపు చూసుకుంటా నడిచినోళ్ళం." నవీన్ నవ్వి గిన్నె ముందుకు తోశాడు. "పులిహోర తిను. ఊరంతా తడికెల కాడే ఉందిగా, వంటలు కూడా అక్కడే. నీకేం పంపారు?"

"హోటలు భోజనం."

ఫోను మోగింది. కోటయ్య పెదనాన్న పేరు. పవన్ దాన్ని బోర్లించాడు.

"ఎత్తు మావా. ఇంకో అడుగు పెంచమంటాడేమో."

"తర్వాత మాట్లాడతా."

మూడింటికి కంచరవారిపాలెం తొంభైనాలుగు. పవన్ తొంభైఆరు కొట్టాడు. నాలుగుంబావుకు అది తొంభైఏడు. ఈసారి పవన్ వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. ఆ తెలుపంటిన గోళ్ళు కళ్ళలో మెదిలాయి. తొంభైతొమ్మిది కొట్టాడు.

వెనుకగదినుంచి ఇక కొత్త అంకె రాలేదు. ఐదు కావస్తుండగా నవీనే లేచి ముందుగదిలోకి వచ్చాడు.

"అయిపోయింది మావా. ఇంకొక్క గెడ కట్టినా బండి ఇరుసు ఆగదంటన్నాడు జానీ మేస్త్రి. మేం తొంభైఏడు కాడ ఆగిపోయాం."

పవన్ సంతోషం కోసం ఎదురుచూశాడు. అది వస్తున్నట్టే ఉంది. ఐదు కొట్టగానే నజీమా ప్రింటు తీసిన కాగితం వెచ్చగా చేతికిచ్చింది. మొదటి పేరు ఈదులపాలెం. అరవై ఒకటో ఏడు కూడా.

"పొద్దున నీ మీద చానా కోపమొచ్చింది," అన్నాడు నవీన్, బల్ల అంచున కూర్చుంటూ. "ఇప్పుడు లేదులే. తొంభైతొమ్మిదడుగులు లేపాలంటే ఊరు ఊరంతా ఒక్క మాటమీద నిలబడాల. గొడవలు పడి కూడా నిలబడ్డారు చూడు, అది గొప్ప. మావోళ్ళకి అదే చెప్పా. రెండు ట్రాక్టర్లలో బయల్దేరారు."

"ఎక్కడికి?"

"ఇంకెక్కడికి, మీ ఊరికే. ఓడినోళ్ళు తడిక దాటి చూస్తే తప్పేముంది? మీ ప్రభకి దండేసి, కొబ్బరికాయ కొట్టొస్తారంట. ఈపాటికి వాగు దాటుంటారు."

పవన్ కాగితం బల్లమీద పెట్టాడు. పెట్టిన చెయ్యి తీయడం మరిచిపోయాడు. బోర్లించిన ఫోను మళ్ళీ మోగుతోంది.

"ఇప్పుడన్నా ఎత్తు మావా. మావోళ్ళొచ్చారని చెప్పడానికే అయ్యుంటది."

ఈదులపాలెంలో ఈ ఏడు ప్రభ కట్టలేదు.