మంచం దిగని కథానాయకుడు

"ఇదేం పనే! ఎవరైనా పుస్తకాన్ని కిటికీకి అడ్డం పెడతారా?"

వంటింటి కిటికీ రెక్కకీ గోడకీ మధ్య ఇరికించిన లావుపాటి నవలని పీకి, అట్టకంటిన జిడ్డుని చొక్కా అంచుతో తుడుస్తూ అడిగాడు భర్త. పుస్తకం తీసీ తియ్యగానే గాలికి కిటికీ రెక్క ధడేలుమంది.

"ఆ కొక్కెం ఊడి నెలయింది. బాగుచేయించమని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. ఇంట్లో అంత బరువైంది ఇంకేం లేదు మరి" అంది ఆమె, స్టవ్ మంట తగ్గిస్తూ.

"అన్ని అవార్డులొచ్చిన నవలే ఇది!"

"అందుకే ఎంత గాలికీ కదలట్లేదు."

"నీకు వేళాకోళంగానే ఉంటుంది. రేపు ఆ రచయిత సన్మానంలో నాన్న మాట్లాడబోయేది దీని గురించే, తెలుసా?"

ఆమె చేతిలో గరిట ఆగిపోయింది.

"మామయ్యగారా? కళ్ళాపరేషనయి నెల కూడా కాలేదు. ఇప్పుడు సభలేంటి?"

"చూడక్కర్లేదుగా, మాట్లాడ్డమేగా! ముప్పై అయిదేళ్ళు పాఠాలు చెప్పిన మనిషి. ఈ ఊళ్ళో ఆయన బావుందంటే ఆ పుస్తకం బావున్నట్టే. నువ్వు చదివి వినిపించిన కథంతా నోటికొచ్చేసిందట. అక్క తలుపు తియ్యని ఘట్టం దగ్గర జనం కళ్ళు తుడుచుకోకపోతే అడగమన్నారు."

అతను అటు వెళ్ళగానే ఆమె స్టవ్ కట్టేసి స్టూలు మీద కూలబడింది.

ఆ ఘట్టం పుస్తకంలో లేదు.

మామగారు చదివి పెట్టమన్నప్పుడు ఆమెకి సంబరంగానే అనిపించింది. డిగ్రీ అయ్యాక మంచి పుస్తకం పట్టుకున్నదెప్పుడని! ముందు ఆ రచయితే రాసిన కవితలు చదివింది. లైనుకి రెండేసి మాటలు, పేజీ నిండా తెల్లకాగితం. అర్థం కాకపోవడం తన లోపమే అనుకుని నవల తీసింది. నూట ఇరవై పేజీలయినా కథానాయకుడు మంచం దిగలేదు. పైకప్పు మీది మరక వంక చూస్తూ మనిషి బతుకు గురించి ఆలోచిస్తూనే ఉన్నాడు. ఒక మధ్యాహ్నం మామగారు వరసగా మూడోసారి ఆవలించేసరికి ఆమెకి ఒళ్ళుమండి, వాణ్ణి మంచం మీంచి దింపి బస్సెక్కించేసింది. పదేళ్ళుగా మాటల్లేని అక్క ఇంటికి పంపించింది. అక్క తలుపు తియ్యలేదు. లోపల్నుంచే "అన్నం తిన్నావా?" అని మాత్రం అడిగింది. "తిన్నాను" అని అబద్ధమాడి, మెట్టు మీద కూర్చుండిపోయాడు వాడు. మామగారు నల్లకళ్ళద్దాలు తీసి మెల్లగా కళ్ళొత్తుకున్నారు. "ఇదీ అమ్మా, రాయడమంటే!" అన్నారు. ఆ తర్వాత పుస్తకం తెరిచి ఒళ్ళో పెట్టుకోవడమే కానీ, అందులోది ఒక్క ముక్క చదివితే ఒట్టు.

పదకొండింటికి కళ్ళలో చుక్కలమందు వెయ్యడానికి వెళ్ళేసరికి ఆయన పడక్కుర్చీలో వాలి ప్రసంగం వల్లెవేసుకుంటున్నారు.

"మామయ్యగారూ, దుమ్ములోకి వెళ్ళొద్దని డాక్టరు చెప్పారు కదా. రేపు సభకి..."

"హాల్లో దుమ్మేమిటమ్మా?"

"పోనీ ఆ తలుపు ఘట్టం చెప్పకపోతేనో? చదవబోయేవాళ్ళకి ముందే తెలిసిపోతుంది."

"బావుంది! అది తీసేస్తే నేను చెప్పడానికేం మిగిలింది? రచయిత పేరూ, పుస్తకం వెలా?"

గురి తప్పి మందుచుక్క ముక్కు మీద పడింది. ఆయన నవ్వుతూ తుడుచుకున్నారు. ఆ నవ్వు చూశాక ఆమె మిగతా చుక్కలు వేసేసి బయటికొచ్చేసింది.

వేదిక మీద పక్క కుర్చీలోనే కూర్చుంటాడు ఆ రచయిత. "ఇది నేనెక్కడ రాశానండీ?" అని ఒక్క మాటంటే చాలు. ముందు వరసల నిండా మామగారి పాత విద్యార్థులే ఉంటారు. పుస్తకం చదవకుండా వచ్చావేమని ఆయన బెంచీ ఎక్కించినవాళ్ళు.

భోజనాల దగ్గర ఆమె వడ్డించిన కూరే మళ్ళీ వడ్డించింది.

"నన్ను కూడా మంచం దిగకుండా చేద్దామనా?" అన్నాడు భర్త.

ఆమె గరిట గిన్నెలో పెట్టేసింది.

"మామయ్యగారూ, నన్ను క్షమించండి. ఆ అక్కా లేదు, తలుపూ లేదు. వాడు బస్సు కూడా ఎక్కలేదు. అంతా నేనే కల్పించి చెప్పాను."

భర్తకి పొలమారింది. "మరి... మరి పుస్తకంలో ఏమవుతుంది?" అన్నాడు దగ్గుల మధ్య.

"ఏమీ అవదండీ. అదే కదా నా ఏడుపు! చివరి పేజీ కూడా తిప్పి చూశాను. ఇంకా మంచం మీదే ఉన్నాడు. బయట వాన పడుతోంది."

అన్నం కలుపుతున్న మామగారి చెయ్యి కంచంలో ఆగిపోయింది. నల్లద్దాల వెనక ఆయన కళ్ళలో ఏముందో ఆమెకి కనపడలేదు. తిట్టినా బావుండుననిపించింది. ఆయన ఎడమచేత్తో తడుముకుని మంచినీళ్ళ గ్లాసు అందుకున్నారు. ఒక గుక్క తాగి కింద పెట్టారు.

"ప్రసంగంలో ఒక్క ముక్క కూడా మార్చను" అన్నారు.

"అయ్యో మామయ్యగారూ! ఆ రచయిత మీ పక్కనే ఉంటాడు. అందరి ముందూ అలా కాదంటే?"

"పొద్దున ఫోన్లో మొత్తం ఆయనకి చెప్పి వినిపించానమ్మా. ఆ తలుపు ఘట్టం రాసిన రోజు ఏడుస్తూ అన్నం కూడా ముట్టలేదన్నాడు."