డాక్టరు చీటీ

"డాక్టరు చీటీ లేకపోతే నీ పేరు ఇంటి నుంచి పనిచేసేవాళ్ళ జాబితాలో ఉంచలేను నెరీదా. గురువారం బియ్యం సంచులు పంచడానికి నువ్వూ రావాల్సిందే," అంది ఫోన్‌లో హెడ్ మేడం గ్రీసెల్దా.

"ఎనిమిదో నెల మేడం."

"తెలుసమ్మా. వీడియోలో బడి మొత్తం చూసింది నీ పొట్ట. నలభై మూడేళ్ళకి... క్రిస్మస్ సెలవుల్లో గని నుంచి వచ్చినవాడు ఊరికే వెళ్ళలేదన్నమాట నీ మొగుడు." నవ్వి, గొంతు తగ్గించింది. "ఒక్కసారి ఆస్పత్రికి వెళ్ళి స్కాన్ తీయించుకో తల్లీ. చీటీ వాళ్ళే ఇస్తారు."

"ఆస్పత్రికి మాత్రం వెళ్ళను. పురుడు సాంతోస్ అవ్వ పోస్తుంది. ఈ వీధిలో సగంమందికి ఆవిడే పోసింది."

హెడ్ మేడం ఇంక రెట్టించలేదు. ఆ కరోనా ఏడాది, పెరూలోని ఆ చులుకానాస్ ఊళ్ళో ఆస్పత్రికి వెళ్ళమని ఎవరూ ఎవరినీ గట్టిగా అనేవారు కాదు. జూన్‌లో డ్రిల్లు మాస్టారు దగ్గుతూ, తన కాళ్ళ మీద తనే నడిచి లోపలికి వెళ్ళాడు. నాలుగో రోజున మూత బిగించిన పెట్టెలో బయటికొచ్చాడు. గేటు ముందు ఖాళీ ఆక్సిజన్ సిలిండర్లు పట్టుకుని జనం ఎండలో నిలబడే ఉన్నారు.

కానీ నెరీదా భయం వేరే. ఒక్కసారి ఆ గుమ్మం తొక్కితే అంతా చేజారిపోతుందని ఆమెకు తెలుసు.

ఆమె ఫోన్‌ను పంచదార డబ్బాకు ఆనించి రెండో తరగతి పాఠం మొదలుపెట్టింది. తెర మీద ఇరవై రెండు చిన్న గళ్ళు. ఒక గడిలో పిల్లాడికి బదులు వాడి కోడిపెట్ట కనబడింది. పక్కగదిలో కూతురు యాదిరా తన కెమెరా ఆపేసి పదో తరగతి లెక్కలు వింటోంది.

"మిస్, లేచి నిలబడండి. ఎంత పెరిగిందో చూస్తాం."

నెరీదా లేచి పక్కకు తిరిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"మా అమ్మకి ఇంకా కిందికుండేది మిస్," అన్నాడు ఒకడు.

అందరూ గొల్లున నవ్వారు. నెరీదా ఒక్క క్షణం ఆలస్యంగా నవ్వింది.

ఆ సాయంత్రం ఆమె అరచేతి కింద బిడ్డ బుల్లి మడమతో టపీమని తన్నింది. మళ్ళీ తన్నింది. వద్దనుకున్నా నెరీదాకు నవ్వొచ్చింది. భయాలన్నీ కాసేపు గుమ్మం అవతలే ఆగిపోయాయి.

గురువారం బడి ఆవరణలో సుద్దముక్కతో గీసిన గుండ్రాల్లో తల్లులు నిలబడ్డారు. రెండు మాస్కులు తగిలించుకుని నెరీదా సంచులు అందిస్తోంది.

"నిండు మనిషిని ఇంతమందిలోకి లాక్కొచ్చారా? వీళ్ళకి కళ్ళు లేవా?" అంది వరసలో ఒకామె.

"చింతకాయలు తెచ్చాను మిస్. ఇప్పుడు మీకు ఇవి కనబడితే చాలు కదా," అంటూ ఇంకొకామె ఒక పొట్లం చేతిలో పెట్టి, ఆ చెయ్యి అలాగే పొట్ట మీదికి చాచింది.

నెరీదా చటుక్కున వెనక్కి జరిగింది. "దూరం, దూరం. రెండు మీటర్లు."

అదే సమయానికి జ్వరాలు చూడ్డానికి వచ్చిన నర్సు ఆమె ముందు ఆగింది.

"ప్రెషరు చూపించుకున్నారా టీచర్? బిడ్డ గుండె చప్పుడు ఎప్పుడు విన్నారు?"

"మొన్న అవ్వ విన్నది."

"అవ్వ చెవి కంటే నా మెషిన్ నయం. సంచిలోనే ఉంది. రండి, రెండు నిమిషాలు."

హెడ్ మేడం మొహం విప్పారింది. "వెళ్ళు నెరీదా. చీటీ కూడా ఈవిడే రాసిస్తుంది. ఆస్పత్రి బాధే లేదు."

నర్సు మోచెయ్యి పట్టుకుని ఖాళీ తరగతి గదిలోకి నడిపించింది. రెండు బల్లలు దగ్గరికి జరిపింది. చేతులకు మందు రాసుకుంది.

"పడుకోండి. గౌను కాస్త పైకి తీస్తాను."

నెరీదా చేతిలో ఫోన్ వణికింది. సాంతోస్ అవ్వ. ఒకటే మాట: రా.

నెరీదా బల్ల అంచు పట్టుకుంది. నుదుటి మీద చెమట బొట్లు పేరుకున్నాయి.

"నొప్పులు మొదలయ్యాయి," అంది.

"అయ్యో, ఇంకా నెల ఉంది కదా. అయితే ఆస్పత్రికే. ఉండండి, అంబులెన్స్..."

నర్సు మాట పూర్తయ్యేలోగా నెరీదా గుమ్మం దాటేసింది. నెలలు నిండుతున్న మనిషి అంత వేగంగా పరిగెత్తగలదని ఆ తల్లులెవరూ ఎప్పుడూ అనుకోలేదు.

గేటు దగ్గర ఆటో దొరికింది. డ్రైవరు అద్దంలో చూసి, "నా బండిలో మాత్రం కనొద్దమ్మా, సీటు నిన్ననే కుట్టించాను," అన్నాడు. అతను ఎర్ర లైటు దగ్గర కూడా ఆగలేదు.

సాంతోస్ అవ్వ తలుపు సగమే తెరిచింది. లోపల్నుంచి కాగుతున్న నీళ్ళ ఆవిరి, మందాకుల వాసన.

"వెంట ఎవరైనా వస్తున్నారా?"

"నర్సు వస్తుందేమో అవ్వా."

"గడియ పెట్టు. కిటికీలు మూసెయ్. రేడియో గట్టిగా పెట్టు, అరుపులు వీధిలోకి పోకూడదు."

నెరీదా గడియ పెట్టింది. కిటికీలు మూసింది. రేడియోలో ఎవరో పెళ్ళి పాట పాడుతున్నారు, గొంతు చివరిదాకా పెంచింది. వీధి మొదట్లో అంబులెన్స్ కూత వినబడింది.

"ఇంక ఇవాళ్టి నుంచి నువ్వే తల్లివి. ధైర్యం ఉందా?"

"ఉంది."

నెరీదా లోపలి గదిలోకి వెళ్ళి, గౌను కింద నడుముకు బిగించి కట్టుకున్న దిండు విప్పి మూలకు విసిరేసి, మంచం మీద పళ్ళు బిగబట్టి మెలికలు తిరుగుతున్న పదిహేనేళ్ళ యాదిరా చేతిని గట్టిగా పట్టుకుంది.