గేట్‌మేన్ వేషం

"తాతా, గేటు వెయ్యొద్దు. నువ్వు తాగి పడుకోవాలె." అనుపమ మూడోసారి చెప్పింది.

యేసురాజు మూడోసారి కూడా వెదురు కర్రను కిందికి దించి నిలబడ్డాడు.

సికింద్రాబాద్‌లో ఆ కాలేజీ ఆడిటోరియానికి ఆయన వాచ్‌మేన్. గేట్‌మేన్ వేషం వెయ్యాల్సిన కిషన్‌కి జ్వరం వస్తే, ఆ పూటకి రిహార్సల్‌లో ఆయన్ని నిలబెట్టారు.

నాటకానికి రచయితంటూ లేడు. పదిమంది విద్యార్థులు తలా ఓ సీను ఆడి చూసుకుంటూ అల్లుకున్నారు. పన్నెండేళ్ల కిందట శివార్లలో ఓ స్కూలు ఆటోను రైలు గుద్దేసింది. అదీ కథ. గేట్‌మేన్ తాగాడని ఎక్కడా లేదు. ఓ రోజు ఆశీష్ సరదాకి సీసా ఎత్తాడు, అందరూ పడీపడీ నవ్వారు, సీసా నాటకంలో ఉండిపోయింది. పదిమంది నాటకం కదా, తప్పు ఏ ఒక్కరిదీ కాదు.

"గేటు ఏసే ఉండె బిడ్డా," అన్నాడు యేసురాజు. "ఆటో ఆయననే లేపి దూరిండు. నేను ఆడనే ఉన్న."

"అందరూ మంచోళ్లయితే డ్రామా ఏడుంటది తాతా?" ఆశీష్ నవ్వాడు.

"ఆయనకు సుత పిల్లలున్నరు. జెర గా సీసా తీసేయుండ్రి. దండం పెడ్తా."

"ఇది మా నాటకం తాతా," అంది అనుపమ విసుగ్గా.

మర్నాడు కిషన్ వచ్చాడు. యేసురాజు తలుపు దగ్గర తన కుర్చీకి పోయాడు.

ప్రదర్శన రోజు హాలు నిండింది. జనం గేట్‌మేన్‌ని చెప్పులతో కొట్టే సీనుకు ఒకటే చప్పట్లు. మొదటి బహుమతి వచ్చింది. యేసురాజు మధ్యలోనే లేచి వెళ్లిపోయాడని ఎవరో అన్నారు, ఎవరూ పట్టించుకోలేదు.

రెండు వారాలకి ఇంకో కాలేజీ పిలిచింది. ఈసారి మనసొప్పక అనుపమ పాత పేపర్లు తిరగేసింది. ముసలాయన చెప్పిందే నిజం. గేట్‌మేన్ తప్పేం లేదని కోర్టు వదిలేసింది.

పేపర్లలో పేరు లేదు గానీ, తాత 'నేను ఆడనే ఉన్న' అన్నాడు కదా. ఆ గేట్‌మేన్ ఈయనే అయ్యుంటాడు. ఆయన్నే తాగి పడుకోమన్నాం.

కాలేజీలో అడిగితే, వారం కిందటే గుండెపోటుతో పోయాడన్నారు.

ఆశీష్‌ని వెంటబెట్టుకుని కాప్రాలో ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. ఆయన భార్య రోసమ్మ ఒక్కతే ఉంది.

"తాతనే ఆ గేట్‌మేన్ అని మాకు తెల్వదు అమ్మమ్మా," అనుపమ ఏడ్చేసింది. "తప్పయింది. సీసా తీసేసినం."

"గేట్‌మేనా? గాయన వేరే బిడ్డా, మల్కాజ్‌గిరిల ఉంటడు. కోర్టుల గాయన దిక్కు సాక్ష్యం చెప్పింది మా ఆయన. అప్పటిసంది మా సొంత బిడ్డ, అల్లుడు మాతోని మాట్లాడుడే బంద్ చేసిన్రు."

"వాళ్లకెందుకు కోపం?" ఆశీష్ అడిగాడు.

రోసమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఆ దినం మా ఆయన గేటుకు ఇవతల నిలబడి మనవరాలి కోసం చూస్తుండె నాయనా, ఆ ఆటోల పోయింది ఆ పిల్లనే."