కుంటలో నల్లమచ్చ

అన్యాయం జరిగింది కొర్రమీనుకి, వానలు ఇంకా వెనకబట్టని ఒక ఆదివారం పొద్దున. ఎక్కడినుంచో కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క కుంటనంతా కప్పేసింది. చాపంత జాగాలో మాత్రమే నీళ్లు కనిపిస్తున్నాయి. కొర్రమీను పిల్లలు గాలి పీల్చుకోవాలంటే అక్కడే పైకి రావాలి. తల్లి ఆ జాగాని కళ్లలో వత్తులేసుకుని కాస్తోంది.

"ఈ మొక్క ఒక్కటిగా ఉన్నప్పుడే తన్ని తరమమన్నాను, విన్నావా వదినా?" అంది నీటికోడితో.

"ఈ ఊదాపూల పక్కన నేనెంత బాగుంటానో ఫోటోలాయన్ని అడుగు," అంది నీటికోడి మెడ సవరించుకుంటూ. "నీకెప్పుడూ ఏడుపే."

ఆదివారం ఆదివారం వచ్చే ఫోటోలాయన గట్టుమీద కెమెరా నిలబెట్టి, అందులోంచి చూసి మూతి విరిచాడు. "అంతా బాగుంది గానీ మధ్యలో ఈ నల్లమచ్చే దరిద్రంగా ఉంది." వెదురుకర్రతో గుర్రపుడెక్కని ఇటు లాగి ఆ జాగా కాస్తా మూసేశాడు. నీటికోడి వెళ్లి సరిగ్గా దానిమీదే నిలబడింది.

తల్లి కిందనుంచి మొక్కల వేళ్లని తలతో పొడిచింది, మళ్లీ పొడిచింది. ఎర్రటి పిల్లలు ఆమె చుట్టూ గిరగిరా తిరిగాయి. తర్వాత నెమ్మదించాయి.

"నీ కాలికింది ఆకు కాస్త జరుపు వదినా. పిల్లలకి ఊపిరాడటం లేదు."

"ఒక్క నిమిషం ఉండవమ్మా. ఇప్పుడు కదిలితే ఫోటో చెడుతుంది."

ఫోటో గొప్పగా వచ్చింది. ఆకుల సందులో తెరుచుకున్న చిన్న నోటిని చూసినవాళ్లంతా నీటిచుక్క అనుకున్నారు. కింద మూలన అచ్చయింది: సెప్టెంబరు 14, ఉదయం 6 గంటల 42 నిమిషాలు.