కళ్లు దిద్దని వీరుడు

సినిమా గోడలు అంబాబాయి వీరుణ్ణి చావనివ్వలేదు. ఖండేరావు లెక్కలో అది తేలిపోయిన సంగతి.

అతని భార్య అంబాబాయి తోలుబొమ్మలు చేసే ఇంటి బిడ్డ. వాళ్లలో బొమ్మకు కళ్లు చివరన దిద్దుతారు. దిద్దితేనే దానికి ప్రాణం. అందుకే తాను గీసిన బొమ్మల నవల ఆఖరి పేజీలో, ఊరిని కాపాడి చనిపోయిన ముసుగు సూపర్‌హీరోకు ఆమె కళ్లు గీయలేదు. దేశమంతా ఆ పుస్తకం చదివింది. ఆమె పోయాక, ఏ పుస్తకాన్నైనా సినిమా చేసి చూపించే గోడలు ఇంటింటికీ వచ్చాయి. కళ్లు లేకపోవడం అచ్చుతప్పనుకుని అవే పెట్టేశాయి. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ వీరుడు లేచి కూర్చుంటున్నాడు.

ఆమె సంవత్సరీకం నాడు కోడలు సుగుణ వడలు వేయిస్తోంది.

"ఈ ఒక్కరోజన్నా వాణ్ణి అట్లే పడుకోనియ్యమని ఆ గోడకు చెప్పు," అన్నాడు ఖండేరావు.

"చెప్పినా వినదు మామా. జనానికి లేచేదే కావాలంట." ఆమె పొయ్యి వదిలి గోడ దగ్గరికి వచ్చింది. "అత్త ఆఖరి ఫొటో కూడా దానికి ఇచ్చినా. నీకు చూపిద్దామని."

గోడ మీద, పూలదండల కింద పడుకున్న అంబాబాయి కళ్లు తెరిచింది.

"వడలు మాడుతుండాయి సుగుణా," అంది, అచ్చం ఆమె గొంతుతోనే.

సుగుణ గబగబా పొయ్యి దగ్గరికి పోయింది. ఖండేరావు గోడ కనబడకుండా మంచాన్ని తిప్పుకున్నాడు.

"ఆ కళ్లు నా చేత్తో మూసినా. ఇంక ఈ మాట నా ముందర ఎత్తొద్దు."

అతనూ మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు.